డాక్టర్‌తో ముచ్చట: గంటలో పనిచేసే చూర్ణంలో ఏముంటది?

ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల చానా మట్టుకు ఒక్క విషయం మీదనే ఉన్నయ్. మగతనం మందులు, చూర్ణాలు, లేహ్యాలు, శిలాజిత్తు, ఆన్‌లైన్ల తెప్పించుకున్న క్యాప్సూల్స్. పేరు వెయ్యొద్దని అందరు రాసిన్రు, వేస్తలేను, ఊరు మాత్రం ఉంచుతున్న. ఈ సంగతి ఇంట్ల చెప్పుకోలేరు, దోస్తులకు చెప్తే నవ్వుతరేమో అని భయం, దవాఖానకు పోతే లైన్ల అందరి ముందట ఏమని చెప్పాలె అని సిగ్గు, ఆఖరికి బస్టాండు గోడ మీద రాసి ఉన్న నంబర్‌కు ఫోన్ కొడ్తరు. అందుకే ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్న.

ప్రశ్న: డాక్టర్ సార్ నమస్తే. నాకు 54 ఏండ్లు, బొగ్గు గనిల పని. రెండేండ్ల కింద గుండెకు స్టెంట్ వేసిన్రు. అప్పటి సంది సంసారం సరిగ లేదు, గట్టిపడ్తలేదు. మా దోస్తు ఒక ప్యాకెట్ ఇచ్చిండు, మీద గుర్రం బొమ్మ, నూటికి నూరు పాళ్లు మూలికలు, సైడ్ ఎఫెక్ట్స్ ఉండయ్ అని రాసున్నది, కొరియర్ల తెప్పించిండట. ఒక క్యాప్సూల్ వేసుకుంటే గంట సేపట్లనే పనిచేసింది సార్, నిజంగ. కాకపోతే మొఖం, చెవులు వేడెక్కినయ్, ముక్కు దిబ్బడ వేసింది, తెల్లారేదాక తలకాయ నొప్పి. ఛాతి పట్టేస్తే నాలుక కింద పెట్టుకునే గోలీలు జేబుల ఉంటయ్. మూలికలే గద, వాడుకోవచ్చా? (భూపాలపల్లి)

జవాబు: అన్నా, ముందుగాల ఆ ప్యాకెట్ పక్కకు పెట్టు, ఇంకొక్క క్యాప్సూల్ కూడ వేసుకోకు, మిగతా ముచ్చట తర్వాత. గంటలో పనిచేసుడు, మొఖం వేడెక్కుడు, ముక్కు దిబ్బడ, తలనొప్పి, నువ్వు రాసిన ఈ నాలుగు కలిపి చదివితే నాకు అందుల మూలిక కనపడ్తలేదు, సిల్డెనాఫిల్ కనపడ్తున్నది. వయాగ్రా అని అందరు అంటరే, ఆ మందు. ల్యాబుల టెస్ట్ చేస్తే తప్ప పక్కాగ చెప్పలేం, అది నిజమే, కానీ ఏ వేరు, ఏ గడ్డ, ఏ గింజ కూడ ఒక్క డోసుకే గంటలో ఇట్ల పనిచేసుడు నేను నమ్మను. అశ్వగంధ మీద స్టడీలు చేసినోళ్లు కూడ రెండు నెలలు, మూడు నెలలు రోజు ఇచ్చి చూసిన్రు. వెంటనే పనిచేసింది కాబట్టి మంచి మూలిక అని మనోళ్లు అనుకుంటరు, నేనైతే వెంటనే పనిచేసింది అంటేనే భయపడ్త.

సిల్డెనాఫిల్‌ను ఫైజర్ కంపెనీ ఇంగ్లండ్‌ల మొదట గుండె నొప్పి కోసమనే తయారు చేసింది, గుండెకు అనుకున్నంత పనిచెయ్యలేదు గని ట్రయల్స్‌ల ఉన్న మగవాళ్లల్ల ఈ సంగతి బయటపడ్డది, 1998 మార్చిల అమెరికాల పర్మిషన్ వచ్చింది. అది చేసే పని ఏందంటే రక్తనాళాలు వదులైతయ్, అంగంలకు రక్తం బాగ వస్తది, అట్లనే మొఖానికి కూడ వచ్చి ఎర్రగైతది, ముక్కు లోపలి పొర ఉబ్బుతది. ఇప్పుడు నీ జేబుల ఉన్న నాలుక కింది గోలి, సార్బిట్రేట్ అంటరు, దాన్ని నైట్రేట్ మందు అంటం, అది కూడ రక్తనాళాలనే వదులు చేస్తది. రెండు ఒంట్ల కలిసినయంటే బీపీ ఒక్కసారిగ పడిపోతది, కండ్లు తిరిగి కూలవడ్తరు, గుండెకే రక్తం అందదు, స్టెంట్ ఉన్న మనిషికి ప్రాణం మీదికి వస్తది. రోజు వేసుకునే గోలీల స్ట్రిప్ మీద మోనోనైట్రేట్ అని ఉన్నదేమో చూడు, అది కూడ ఇదే జాతి.

సిల్డెనాఫిల్ వేసుకున్నంక 24 గంటలు, అదే జాతి ఇంకో మందు టాడాలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ముట్టొద్దు అని మాకు చెప్తరు. నీ ప్యాకెట్ల ఏది ఉన్నదో, ఎంత ఉన్నదో ఎవ్వరికి తెల్వదు. మెడికల్ షాపుల సిల్డెనాఫిల్ గోలి మీద 25, 50, 100 మిల్లీగ్రాములు అని రాసి ఉంటది, డాక్టర్ చీటీ మీద ఇచ్చే మందు అది. గుర్రం బొమ్మ ప్యాకెట్ల ఒక క్యాప్సూల్‌ల కొంచెం ఉండొచ్చు, పక్క క్యాప్సూల్‌ల దానికి డబుల్ ఉండొచ్చు. అమెరికాల మందులను తనిఖీ చేసే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు మూలికల పేరుతోని అమ్మే ఇసొంటి ఉత్పత్తులల్ల సిల్డెనాఫిల్, టాడాలాఫిల్ దొరికినయని ఏండ్ల సంది పేర్లతో సహా హెచ్చరికలు ఇస్తనే ఉన్నరు. కొన్నిట్ల ఆ మందులనే కొంచెం మార్చి చేసిన కెమికల్స్ కూడ దొరికినయ్, మనుషుల మీద ఎప్పుడు పరీక్ష చెయ్యనివి.

ఇంకొక సంగతి చెప్తే నీకు దీని తీవ్రత అర్థమైతది. 2008ల సింగపూర్‌ల షుగర్ జబ్బు లేని మగవాళ్లు షుగర్ పడిపోయి స్పృహ లేకుండ దవాఖానలకు వచ్చుడు మొదలైంది, కొన్ని నెలలల్లనే 150 మంది దాకా, నలుగురు చనిపోయిన్రు. ఎందుకని వెతికితే వాళ్లు వేసుకున్న నకిలీ మగతనం గోలీలల్ల, మూలికల మందులల్ల గ్లిబెన్‌క్లమైడ్ కలిసి ఉన్నది, అంటే షుగర్ పేషెంట్లకు ఇచ్చే గోలి. ఏ డబ్బాల ఏ పొడి కలిసిందో చూసేటోడు లేని కాడ ఇట్లనే అయితది.

కాబట్టి ఇది మీ ఇంటి ఆమెకు కూడ చదివి వినిపించు: ఇసొంటి ప్యాకెట్ వేసుకున్న తర్వాత ఛాతి పట్టేస్తే నాలుక కింద గోలి పెట్టుకోవద్దు, వెంటనే 108కు ఫోన్ చెయ్యాలె, వచ్చినోళ్లకు, దవాఖానల డాక్టర్‌కు ఫలానాది వేసుకున్న అని సిగ్గు పడకుండ చెప్పాలె, ప్యాకెట్ చూపించాలె. చెప్పకపోతే వాళ్లు ఛాతి నొప్పి అని ఆ నైట్రేటే ఇస్తరు. ఇంకోటి, అంగం గట్టిపడి నాలుగు గంటలైనా దిగకపోతే అది కూడ ఎమర్జెన్సీనే, తెల్లారేదాక ఆగొద్దు, రాత్రికి రాత్రే పోవాలె, లేటైతే లోపలి కండ శాశ్వతంగ పాడైతది.

ఇగ నీ అసలు సమస్యకు వస్త. స్టెంట్ వేసుకున్నోళ్లకు సంసారం లేదని ఎవ్వరు అనలేదు అన్నా. రెండు అంతస్తుల మెట్లు ఆయాసం, నొప్పి లేకుండ ఎక్కగలిగితే మామూలుగ సంసారానికి గుండె తట్టుకుంటది. నీ గుండె డాక్టర్‌ను సీదా అడుగు: నాకు ఈ ఇబ్బంది ఉన్నది, నా గోలీలల్ల నైట్రేట్ అవసరమేనా, వేరేది మార్చొచ్చా అని. ఆయన ఈసీజీ, ఎకో చూసి మార్చగలిగితే, కొన్ని రోజులాగి ఆయన చీటీ మీదనే నీకు సరిపోయే డోసు రాస్తడు, నువ్వు కొరియర్ల తెప్పించుకున్న మందే అయి ఉండొచ్చు, తక్కువ పైసలకు, ఎంత ఉన్నదో తెలిసి. నైట్రేట్ తీసెయ్యలేం అంటే యూరాలజిస్ట్ దగ్గర వేరే దారులున్నయ్, వ్యాక్యూం పంపు ఉంటది, లోకల్‌గ ఇచ్చే సూది ఉంటది. బీపీ గోలీలల్ల కొన్నిటితోని కూడ ఈ ఇబ్బంది వస్తది, అటెనలాల్, నీళ్లు పోయే గోలి లాంటివి, కానీ సొంతంగ బంద్ చెయ్యకు, అడిగి మార్పించుకో.

ప్రశ్న: సార్, నాకు 46. మిర్చి, పత్తి వేస్త. షుగర్ వచ్చి ఆరేండ్లు అయితున్నది, గోలీలు అప్పుడప్పుడు మర్చిపోత. ఈ మధ్య నరాల బలహీనత వచ్చింది, మీకు తెలుసు నేను ఏం చెప్తున్ననో. రాత్రి పాలల్ల అశ్వగంధ చూర్ణం, శిలాజిత్తు కలుపుకొని తాగు అన్నరు. సాయంత్రం కల్లు అలవాటు, గుట్కా ఉన్నది. చూర్ణం ఎన్ని రోజులు తాగాలె? (నర్సంపేట దగ్గర ఊరు)

జవాబు: చూర్ణం ఎన్ని రోజులు అని అడిగినవ్, షుగర్ ఎంత ఉన్నదో మాత్రం రాయలేదు. నాకు ముందు అదే కావాలె. షుగర్ ఉన్న మగవాళ్లల్ల దగ్గర దగ్గర సగం మందికి ఈ ఇబ్బంది వస్తది, మిగతావాళ్ల కంటె పదేండ్లు ముందుగనే వస్తది, ఎందుకంటే షుగర్ చిన్న రక్తనాళాలను, నరాలను రెండిటిని పాడు చేస్తది. అంగంలకు రక్తం తెచ్చే నాళం వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు, గుండె నాళం మూడు నాలుగు. కొవ్వు పేరుకునుడు మొదలైతే సన్నది ముందు మూసుకుంటది గద, అందుకే అంగం గట్టిపడని ఇబ్బంది చానామందిల గుండె జబ్బు బయటపడేకంటె రెండు నుంచి ఐదేండ్ల ముందే కనపడ్తది. నీ ఒళ్లు నీకు ముందుగాల ఖబర్ పంపింది తమ్ముడూ, దాన్ని చూర్ణంతోని కప్పెయ్యకు.

రేపే మీ ఊరి పల్లె దవాఖానకో పీహెచ్‌సీకో పో, బీపీ, షుగర్ చూపించుకో, పైసలు తీసుకోరు. హెచ్‌బీఏ1సీ అనే టెస్ట్ రాయించుకో, మూడు నెలల సగటు చెప్తది, ఏడు లోపల ఉంటే బాగ కంట్రోల్ల ఉన్నట్టు. కొలెస్ట్రాల్ చూపించు. పొద్దుగాల పరిగడుపున టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ చూపించు, మధ్యాహ్నం చూస్తే తక్కువ చూపెట్టి లేని భయం పెడ్తది. ఈ ఇబ్బంది నీ ఒక్కనికే అనుకోకు, అమెరికాల మాసచుసెట్స్‌ల 40 నుంచి 70 ఏండ్ల మధ్య మగవాళ్లను అడిగి 1994ల ఒక స్టడీ అచ్చేసిన్రు, 52 శాతం మందికి ఎంతో కొంత ఉన్నది.

ఇగ అశ్వగంధ. మన దిక్కు పెన్నేరు గడ్డ అని కూడ అంటరు. దాంట్ల ఏం లేదని నేను అనను. నిద్రకు, టెన్షన్‌కు కొంత పనిచేస్తదని చిన్న చిన్న ట్రయల్స్ చెప్తున్నయ్, టెస్టోస్టిరాన్ కొద్దిగ పెరిగిందని కొన్ని చెప్తున్నయ్, గని షుగర్‌తోని మూసుకున్న రక్తనాళాన్ని తెరిపిస్తదని ఎక్కడ లేదు. అది షుగర్‌ను కొంచెం తగ్గిస్తది, నీ గోలీలతోని కలిసి ఎక్కువ పడిపోవచ్చు. థైరాయిడ్ హార్మోన్ పెంచొచ్చు. అరుదుగ కొంతమందికి లివర్ దెబ్బతింటది, మొదలుపెట్టిన రెండు వారాల నుంచి మూడు నెలల లోపల కండ్లు పచ్చబడుడు, ఒళ్లంత దురద, మూత్రం ముదురు రంగు, అట్ల కనపడితే ఆ రోజే ఆపేసి లివర్ టెస్ట్ చేయించాలె. ఎప్పుడు కల్లు తాగేటోళ్ల లివర్ మీద ఇంకో బరువు ఎందుకు చెప్పు. శిలాజిత్తు అయితే శుద్ధి చెయ్యనిది సీసం, పాదరసం లాంటి లోహాలతోని ఉండొచ్చు, రోడ్డు మీద రాళ్ల లెక్క అమ్మేది అసలు కొనకు.

కల్లు గురించి ఒకటి గట్టిగ చెప్పాలె. చెట్టు మీది నుంచి దించిన కల్లు వేరు, దుకాణంల సీసాలల్ల వచ్చేది వేరు. మన తెలంగాణల కల్తీ కల్లుల ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ ఎన్నోసార్లు పట్టుబడ్డయ్. అవి మెదడును మత్తుల పెట్టే మందులు, రోజు లోపలికి పోతే కోరిక తగ్గుతది, గట్టిపడుడు తగ్గుతది. గట్లని ఒక్కసారిగ బంద్ పెట్టినవనుకో, చేతులు వణుకుతయ్, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తయ్, ఉల్టాపుల్టా మాట్లాడ్తరు. అందుకే డాక్టర్‌కు చెప్పి మెల్లగ తగ్గించాలె, వరంగల్ ఎంజీఎం దవాఖానల మానసిక వైద్య విభాగంల దీనికి మందులిస్తరు. గుట్కా మాత్రం ఇయ్యాల్నే మానెయ్, పొగాకు రక్తనాళాలను కుంచించుకపోయేటట్టు చేస్తది, నోటి క్యాన్సర్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ప్రశ్న: సంతల ఒకాయన ఉడుము నూనె అమ్ముతున్నడు, రాసుకుంటే సైజు పెరుగుతదంటున్నడు, నిజమేనా? (మంచిర్యాల)

జవాబు: కాదు. ఏ నూనె రాసినా సైజు పెరగదు, చర్మం మంట పుడ్తది, దద్దులు లేస్తయ్. ఉడుమును పట్టుడు, చంపుడు, దాని భాగాలు అమ్ముడు, కొనుడు 1972 వన్యప్రాణి చట్టం కింద పెద్ద నేరం, అది షెడ్యూల్ ఒకటిల ఉన్న జీవి, జైలు పడ్తది.

ప్రశ్న: సార్ నేను డిగ్రీ సెకండియర్, హాస్టల్ల ఉంట. ఇంటర్ నుంచి హస్తప్రయోగం అలవాటున్నది. నిద్రల కూడ పోతది, మూత్రంల తెల్లగ పోతున్నట్టు అనిపిస్తది. నడుము నొప్పి, నీరసం, చదివింది గుర్తుంటలేదు. వంద చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యం అని చదివిన, నా ఒంట్ల శక్తి అంత పోయిందని భయమైతున్నది. ఒక క్లినిక్‌ల ఆరు నెలల కోర్సు అన్నరు, ముప్పై వేలు, నాన్నను ఫీజు అని చెప్పి అడుగుదామనుకుంటున్న. (హన్మకొండ)

జవాబు: తమ్ముడూ, నాన్నను అడగకు, ఆ కోర్సు చేరకు. నీ ఒంట్ల ఏ శక్తి పోలేదు, ఒట్టేసి చెప్తున్న. వీర్యం రక్తం నుంచి చుక్క చుక్క పిండి తీసేది కాదు. దాంట్ల ఎక్కువ భాగం సెమినల్ వెసికిల్స్ అనే సంచులల్ల, ప్రొస్టేట్ గ్రంథిల ఊరే ద్రవం, వీర్యకణాలు అందుల చాలా కొద్ది భాగం. ఒక్కసారికి మామూలుగ ఐదు మిల్లీలీటర్ల లోపలనే, ఒక చెంచాడు, పోయింది మళ్ల ఊరుతది, వాడకపోతే నిద్రల పోతది, అది నీ వయసు పిల్లలకు ఆరోగ్యానికి గుర్తే తప్ప జబ్బు కాదు. హస్తప్రయోగంతోని నరాలు చచ్చుబడవు, గుర్తు పోదు, పెండ్లికి పనికిరాకుండ పోరు.

అయితే నడుము నొప్పి, నీరసం ఎందుకు? నీకున్న భయం వల్ల. ఇది ఒక్క నీ సంగతి కాదు, మన దేశంల ఇది ఎంత మామూలు అంటే 1960లనే ప్రొఫెసర్ ఎన్.ఎన్. విగ్ అనే మానసిక వైద్యుడు దీనికి ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టిండు. ధాతువు పోతున్నదని భయం, ఆ భయంతోని నిద్ర పట్టదు, నిద్ర లేక నీరసం, నీరసం చూసి ఇంకింత భయం. ఈ భయం మీదనే బతికే క్లినిక్‌లు ఉన్నయ్, పిల్లల చేత మూత్రం పరీక్ష చేపించి ధాతువు పోతున్నది అని చెప్పి నెలలకు నెలలు లేహ్యాలు అంటగడ్తరు, నాకు నిజంగ కడుపు మండుతది. మూత్రం తెల్లగ పోయేది చానాసార్లు ఫాస్ఫేట్ ఉప్పు, ఏం కాదు, మంట, చీము ఉంటే మాత్రం యూరిన్ టెస్ట్ చేయించు.

నిద్ర లేవంగనే గట్టిపడి ఉంటున్నదా? ఉంటే నీ నరాలు, రక్తనాళాలు పనిచేస్తున్నట్టే. దానికి పాస్ మార్కులు పడ్డట్టే అనుకో. భయం తగ్గకపోతే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చెయ్, ఫ్రీ, రాత్రి పగలు ఉంటరు, తెలుగుల మాట్లాడ్తరు, భయపడకుండ ఉన్నది ఉన్నట్టు చెప్పొచ్చు. రక్తం తక్కువుంటే నీరసం వస్తది, విటమిన్ డి, బీ12 తక్కువుంటే వస్తది, హాస్టల్ తిండితోని అవి మామూలే, ఒకసారి చూపించుకో. ఆ ముప్పై వేలు మీ నాన్న ఎన్ని రోజుల కష్టమో నీకు తెలుసు.

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారు. మా పెండ్లయి నాలుగేండ్లు. మా ఆయన దుబాయిల ఉంటడు, రెండేండ్లకోసారి రెండు నెలలు వస్తడు. పిల్లలు కాలేదు. మా అత్తమ్మ నన్నే టెస్టులకు తిప్పుతున్నది, నావి అన్ని నార్మల్ వచ్చినయ్. ఆయన టెస్ట్ అంటే కోపానికి వస్తడు, దోస్తులు చెప్పిన దూలగొండి గింజల పొడి, సఫేద్ ముస్లి, పల్లేరు కాయల చూర్ణం డబ్బాలకు డబ్బాలు వాడ్తుండు. ఈసారి వచ్చినప్పుడు ఏం చెయ్యాలె? (జగిత్యాల)

జవాబు: అమ్మా, ముందు నీ మీద పడ్డ నింద తీసేస్త. పిల్లలు కాకపోవడానికి దగ్గర దగ్గర సగం జంటలల్ల మగవాళ్ల వైపు కూడ ఏదో ఒక కారణం ఉంటది. నీ టెస్టులు అన్ని అయిపోయి ఆయనది ఒక్కటి కూడ కాకపోవుడు వైద్యం లెక్కల సగం పనే. రెండో సంగతి, ఏడాది పాటు కలిసి ఉండి, ఏ జాగ్రత్తలు వాడకుండ సంసారం చేసినా గర్భం రాకపోతేనే దాన్ని సమస్య అంటం. మీరు నాలుగేండ్లల్ల కలిసి ఉన్నది మొత్తం కూడబెట్టినా ఏడాది కాలేదేమో. నాలుగేండ్లాయె, గొడ్రాలు అని మాట్లాడెటోళ్లకు ఈ లెక్క చెప్పు.

ఈసారి ఆయన దిగిన వారంలనే వీర్య పరీక్ష చేయించండి, ఆఖరి వారం దాక ఆగొద్దు. రెండు నుంచి ఏడు రోజులు కలవకుండ ఉండి శాంపిల్ ఇయ్యాలె, ల్యాబుల ఇచ్చుడు సిగ్గైతే కొన్ని చోట్ల ఇంట్ల తీసి గంట లోపల అందిస్తే తీసుకుంటరు, ముందే అడగండి. మిల్లీలీటర్‌కు ఒక కోటి 60 లక్షల కణాలు అనేది 2021ల ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన కింది హద్దు, దానికి తక్కువైతే పిల్లలు కారని కాదు, ఇంకోసారి చూడాలె అని. తక్కువ వస్తే వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బినయా అని డాక్టర్ చేతితోని చూస్తడు, హార్మోన్లు చూస్తడు. ఒక వీర్యకణం తయారు కావడానికి రెండున్నర నెలల దాక పడ్తది, అంటే ఇయ్యాల సిగరెట్ మానేసినా, వేడి తగ్గించినా లెక్కల మార్పు మూడు నెలలకు గని కనపడదు. ఆయన బాయిలర్ల దగ్గర, వంట భట్టీల దగ్గర పనిచేస్తడా, అడుగు, వృషణాలకు వేడి పడదు.

పొడుల గురించి. పల్లేరు టెస్టోస్టిరాన్ పెంచుతదని పెద్ద ప్రచారం, ఆరోగ్యంగ ఉన్న మగవాళ్లల్ల, ఆటగాళ్లల్ల పరీక్షిస్తే పెరగలేదు. దూలగొండి గింజలల్ల లెవోడోపా ఉంటది, పార్కిన్సన్స్ జబ్బుకు ఇచ్చే మందు అదే, అందుకే ఉత్త పప్పు లెక్క తినేది కాదు, వాంతులు, బీపీ తగ్గుడు, మానసిక మందులు వాడేటోళ్లకు ఇంకా ఇబ్బంది. కణాల సంఖ్య కొంచెం మెరుగైందని కొన్ని చిన్న స్టడీలు ఉన్నయ్, కాదనను, కానీ ఎంత ఉన్నదో చూసుకోకుండ పెంచుడేంది? ఆయనకు కోపం వస్తది అన్నవ్. ఇద్దరం కలిసి పోదాం, నాది కూడ మళ్లొకసారి చూపించుకుంట అని చెప్పి తీసుకపో. మీ అత్తమ్మకు ఈ పేజీ చదివి వినిపించు, నా మాటగ చెప్పు.

ప్రశ్న: జిమ్ముల ట్రైనర్ టెస్టోస్టిరాన్ సూది తీసుకో, కండ వస్తది, మగతనం పెరుగుతది అన్నడు. వచ్చే ఏడాది పెండ్లి. (కాజీపేట, 25 ఏండ్లు)

జవాబు: వద్దు. బయటి నుంచి టెస్టోస్టిరాన్ వస్తుంటే, ఇగ చాలు అని మెదడు నీ వృషణాలకు సిగ్నల్ ఆపేస్తది, వీర్యకణాల తయారీ పడిపోతది, కొందరికి సున్నా అయితది, వృషణాలు చిన్నగైతయ్. ఆపినంక చానామందికి నెలలల్ల తిరిగి వస్తది, కొందరికి ఏడాది దాటుతది. పెండ్లి ముందట ఈ పని చెయ్యకు. ఇప్పటికే తీసుకున్నవంటే దాచకుండ హార్మోన్ల డాక్టర్ ఎండోక్రైనాలజిస్ట్‌కు చూపించుకో.

ప్రశ్న: డాక్టర్ గారు, మీరు ప్రతిసారి చూర్ణాలు వాడొద్దు అంటరు. మా తాత వైద్యం చేసేది, ఎంతోమందికి నయమైంది. ఆయుర్వేదంల మగతనానికి వాజీకరణం అని పెద్ద శాస్త్రమే ఉన్నది. ఇంగ్లీష్ మందుల కంపెనీల కోసం మన వైద్యాన్ని తక్కువ చేస్తున్నరు. (కరీంనగర్)

జవాబు: మీ బాధ నాకు అర్థమైంది, మీ తాత గారి మీద గౌరవంతోనే చెప్తున్న. వాజీకరణం ఆయుర్వేదంల ఎనిమిది అంగాలల్ల ఒకటి, నిజమే. కానీ ఆ శాస్త్రం తెలిసిన వైద్యుడు మనిషిని చూడకుండ మందు ఇయ్యడు. నాడి చూస్తడు, జీర్ణం అడుగుతడు, నిద్ర అడుగుతడు, ముందు కడుపు శుద్ధి చేసి అప్పుడు మందు మొదలుపెడ్తడు. గోడ మీద నంబర్‌కు ఫోన్ చేస్తే వయసు కూడ అడగకుండ ఆధార్ అడ్రస్‌కు పార్సిల్ పంపెటోనికి, మీ తాతకు పోలికెక్కడిది? నా కొట్లాట ఆ పార్సిల్ పంపెటోనితోనే.

చట్టం కూడ ఇదే అంటది. 1954ల వచ్చిన డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం లైంగిక సుఖం కోసం సామర్థ్యం పెంచుతం అని ఏ మందుకు కూడ ప్రకటన ఇయ్యొద్దు, అల్లోపతి అయినా, ఆయుర్వేదం అయినా, యునానీ అయినా. రైల్వే స్టేషన్ బయట, బస్సు సీటు వెనుక, ఫోన్ల వచ్చే వీడియోలల్ల మీరు చూసే ప్రకటనలు అన్ని ఆ చట్టాన్ని తొక్కి నడుస్తున్నయ్. ప్రకటన ఫొటో తీసి తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్‌కు పంపండి, ఇసొంటి వాటిని వాళ్లు పట్టుకున్న సందర్భాలు ఉన్నయ్.

భస్మాలు, అంటే లోహాలను కాల్చి చేసే పొడులు, వాటి దగ్గర మాత్రం నేను మెత్తబడ. 2004ల అమెరికా డాక్టర్లు బోస్టన్ చుట్టుపక్కల దుకాణాలల్ల దొరికిన 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 వాటిల్ల సీసం, పాదరసం, ఆర్సెనిక్ దొరికినయ్. అవి మన దిక్కునుంచి పోయినవే. సీసం ఒంట్ల చేరితే కడుపు నొప్పి, రక్తహీనత, నరాల జబ్బు, మగవాళ్లకు వీర్యకణాలు తగ్గుడు కూడ ఉన్నది, అంటే ఏ బాధకు మందు వేసుకున్నరో అదే బాధ ఎక్కువైతది.

ఆయుర్వేదమే కావాలె అనుకునేటోళ్లు వరంగల్ల అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉన్నది, అక్కడి దవాఖానకు పోండి, చదువుకున్న వైద్యులు చూస్తరు. మీ షుగర్ గోలీలు, గుండె గోలీలు, బీపీ గోలీలు అన్ని ఒక కవర్ల వేసి తీసుకపోయి ఆ వైద్యునికి చూపించండి, ఆయన ఇచ్చింది మీ అల్లోపతి డాక్టర్‌కు చూపించండి. డబ్బా కొనేముందు తిప్పి చూడండి: తయారీ లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, తయారైన తేది, ఎక్స్‌పైరీ, ఏ మూలిక ఎన్ని మిల్లీగ్రాములు, కంపెనీ పూర్తి అడ్రస్. వీటిల్ల ఒక్కటి లేకపోయినా తిరిగి ఇచ్చెయ్యండి. అన్ని ఉండి, వేసుకున్న గంటకే పనిచేస్తే, ముక్కు దిబ్బడ, తలనొప్పి వస్తే, కండ్లకు నీలంగ కనపడితే అప్పుడు కూడ ఆపెయ్యండి, మిగిలింది పారెయ్యకుండ డబ్బాతో సహా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వండి, వాళ్లు ల్యాబుకు పంపుతరు.